ముద్రణమునకు పూర్వము: కవి, పాఠకుడు

ఒక కావ్యము ఎప్పుడు పుట్టినదని అడిగినచో మన పరిశోధక విద్యార్థులలో పెక్కుమంది ముఖపత్రము వెనుకనున్న ముద్రణ సంవత్సరమును చూపుదురు. ప్రాచీన కావ్యముల విషయమున ఈ పద్ధతి చెల్లదని వారెఱుగుదురు. అచట శాసనములు, అవతారికలు, కృతిపతుల కాలములు మొదలగు ఆధారములను ఆశ్రయింతురు. కాని ఆధునిక యుగములో అడుగిడగానే ఆ జాగరూకత సడలిపోవును. అచ్చయిన పుస్తకమే కృతి, అచ్చయిన నాడే దాని జన్మదినము, అచ్చు కానివాడు కవియే కాడు అను మూడు నమ్మకములు ఒకదాని వెంట నొకటి, ఎవరును పరీక్షింపకుండగనే, సిద్ధాంత వ్యాసములలో చోటు చేసికొన్నవి. ఈ మూడింటిని పరిశీలించుటయే ఇచ్చట నా యుద్దేశము. పుస్తకము వెలువడుటకు ముందే రచయిత తన పాఠకుని తానే వెదకికొనుట ఎట్టిది, అందువలన రచనకు కలుగు మేలేమి, కీడేమి అనునది ఇందలి విషయము.

నేడు ఈ ప్రశ్నకు ప్రాధాన్యము హెచ్చినది. ప్రకాశకుని గాని సంపాదకుని గాని ఆశ్రయింపకయే తన రచనను నలుగురి ముందుంచుటకు యువ రచయితకు పెక్కు మార్గములు తెఱచియున్నవి. ఇది మునుపెన్నడును లేని వింత యని కొందఱు సంతోషించుచున్నారు. ఇది సాహిత్యమునకు చేటని కొందఱు పెద్దలు విచారించుచున్నారు. ఈ యుభయులును ఒక సంగతిని మఱచినట్లు నాకు తోచుచున్నది. పుస్తకము ముందు, పాఠకుడు వెనుక అను క్రమమే మన సాహిత్యమున ఇటీవలిది.

'ప్రకటనము', 'ముద్రణము' అను మాటలను మనము పర్యాయపదములుగా వాడుచున్నాము. అవి వేఱు. రచనను ఇతరులకు తెలియజేయుట ప్రకటనము. దానిని యంత్రముపై అచ్చొత్తుట ముద్రణము. పాలకురికి సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను ఎన్నుకొనినపుడు ప్రకటన విధానమును కూడ ఎన్నుకొనెను. జనులు కూడి పాడుకొనుటకు అనువైన ఛందమది. వేమన పద్యములను బ్రౌను దొర 1829లో అచ్చొత్తించెను. అంతకు పూర్వమే అవి నోటినుండి నోటికి, తాటాకు నుండి తాటాకునకు ప్రాకి యుండబట్టియే ఆయనకు సేకరించుటకు చిక్కినవి. అచ్చుయంత్రము వచ్చిన పిదప కూడ ఈ క్రమము వెంటనే మాఱలేదు. గురజాడ వారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమైనది. ఆ నాటకమునకు తొలి పాఠకుడు పాఠకుడు కాడు, ప్రేక్షకుడు. 1909లో గురజాడ దానిని తిరిగి వ్రాసి విస్తరించెను. కనుక 'కన్యాశుల్కపు సంవత్సరము ఏది?' అను పరీక్షాప్రశ్నకు ఒక్క అంకెతో ఉత్తరము చెప్పిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇచ్చుట నాకు ఎప్పుడును కష్టముగనే ఉన్నది.

ఉత్తర తెలంగాణమునకు వత్తము. జగిత్యాల ప్రాంతమున, రాయికల్‌లో పెరిగినవాడను నేను. మా చిన్నతనమున ఇండ్లలో పుస్తకములు అరుదు, పద్యములు అరుదు కావు. అక్షరము రానివారి నోట కూడ వినవచ్చిన పద్యములలో ధర్మపురి శేషప్ప కవి 'నరసింహ శతకము'నకు అగ్రస్థానము. శేషప్ప పదునెనిమిదవ శతాబ్ది ప్రాంతమువాడని సాహిత్య చరిత్రకారులు తలంతురు. గోదావరి యొడ్డున ధర్మపురి క్షేత్రమున ఉండి శతకములును, 'ధర్మపురి రామాయణము' అను యక్షగానమును రచించెను. ఆయనకు అచ్చుకూటము లేదు. పోషించిన ప్రభువు పేరు శతకమున వినరాదు. ఆయనకున్నది దేవాలయము, అచ్చటికి వచ్చిపోవు యాత్రికులు. యాత్రికుడు తీర్థముతో పాటు నాలుగు పద్యములను కూడ తన యూరికి తీసికొనిపోవును. ఇంతకంటె మంచి పంపిణీ ఏర్పాటు ఏ ప్రకాశకుడు చేయగలడు?

ఈ ప్రకటన విధానము శతకపు నిర్మాణమునే శాసించినదని నా అభిప్రాయము. శేషప్ప ప్రతి పద్యమును సీసముగా వ్రాసి తేటగీతితో ముగించెను. ఆ గీతి నాలుగు పాదములలో చివరి రెండును మకుటము. అనగా గీతిలో సగము ప్రతి పద్యమునను ఒకటే. గదిలో కూర్చుండి పుస్తకము తెఱచి చదువుకొను పాఠకునికి ఇది పునరుక్తిగా తోచవచ్చును. వరుసగా నూఱు పద్యములు చదివినచో విసుగు కలుగుననుట నిజమే. వినువానికి అట్లు కాదు. మొదటిసారి విన్నపుడే ఆతడు రెండు పాదములు నేర్చుకొనును. రెండవ పద్యము నాటికి చదువువానితో గొంతు కలుపును. మకుటమున ధర్మపురి పేరు, నరసింహుని పేరు రెండును కలవు. గ్రంథమునకు ముఖపత్రము చేయు పనిని ఇచ్చట మకుటము చేయుచున్నది: పద్యము ఏ యూరిదో, ఎవరికి అంకితమో చెప్పుచున్నది. కవి పేరు ఊడిపోయినను ఊరి పేరు ఊడదు. మకుటమును శతకమునకు అలంకారమని, భక్త్యావేశ చిహ్నమని మనము పాఠము చెప్పుచున్నాము. పుస్తకము లేని కవి తన రచనకు తానే వేసికొన్న ముద్ర అది యని కూడ చెప్పవలసియున్నది.

ఈ విషయము కేవలము ఛందశ్చర్చ కాదు. అచ్చు లేనిచోట కవి లేడని తలంచుట ఎంత అన్యాయమునకు దారితీయునో మన ప్రాంతము ఒకసారి అనుభవించినది. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యము, అనగా సున్న, అని ఒక పండితుడు వ్రాసెను. ఆ మాటకు వాదముతో గాక ఉదాహరణముతో ప్రత్యుత్తరమీయ నెంచి, 1926 నుండి గోలకొండ పత్రికను నడుపుచున్న సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల పద్యములను, వారి వివరములను సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. ఈ కథను మనము స్వాభిమాన గాథగా చెప్పుకొందుము. అట్లు చెప్పుకొనుట తగును. కాని పరిశోధకునికి అందులో మఱియొక పాఠము కలదు. ఆక్షేపించిన పండితుడు అసత్యము పలుకవలెనని పలికియుండడు. తనకు కనబడిన ముద్రిత గ్రంథములను లెక్కించియుండును. రాజభాష ఉర్దూ, బడిలో చదువు ఉర్దూ, తెలుగు అచ్చుకూటములు స్వల్పము. అట్టి రాష్ట్రమున ముద్రిత గ్రంథములను లెక్కించి కవులను లెక్కించితినని తలంచుట ఆయన పొరపాటు. ప్రతాపరెడ్డిగారు కవులను కనిపెట్టలేదు. వారు అంతకుముందే ఉండిరి. తమ తమ ఊళ్లలో, సభలలో, దేవాలయములలో, చేతివ్రాత పుస్తకములలో పాఠకులను సంపాదించుకొని యుండిరి. ఆయన చేసినది వారి ఊళ్లను తెలిసికొని ఉత్తరములు వ్రాయుట. పరిశోధన అనగా ఏమో తెలియగోరు విద్యార్థికి ఆ సంచిక కంటె మంచి ఉదాహరణము నేను చూపజాలను.

పుస్తకము ముందు వచ్చుట వలన ఏమగునో, పాఠకుడు ముందు వచ్చుట వలన ఏమగునో ఒకే కవి జీవితమున పోల్చి చూచు అవకాశము శ్రీశ్రీ మనకు కల్పించెను. 'ప్రభవ' 1928లో అచ్చయినది. కవికి అప్పటికి ఇరువది యేండ్లు కూడ నిండలేదు. పుస్తకము వచ్చినది, పాఠకుడు రాలేదు. నేడు ప్రభవను చదువువారు శ్రీశ్రీపై పరిశోధన చేయువారు మాత్రమే. 'మహాప్రస్థానము' విషయము దీనికి విరుద్ధము. అందలి గీతములు పెక్కు 1930వ దశకమున వెలువడి పత్రికలలోను, సభలలోను, మిత్రుల నోళ్లలోను తిరిగినవి. చలము దానికి వ్రాసిన 'యోగ్యతాపత్రము' 1940 నాటిది. గ్రంథము 1950లో గాని రాలేదు. పీఠిక పుట్టిన పదేండ్లకు పుస్తకము పుట్టుట ఎచ్చటనైన కలదా యని నవ్వుకొనవచ్చును. కాని ఆ పదేండ్లలో ఒక తరమునకు ఆ గీతములు కంఠస్థమైనవి. పుస్తకము చేతికి వచ్చునాటికి అది క్రొత్త గ్రంథము కాదు, తాము ఎఱిగిన దానికి అట్ట. అచ్చు పరిపక్వతకు గుఱుతు అనువారు ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఆలోచింపవలెను. అచ్చయినది పచ్చికాయ, అచ్చు కానిది పండు.

దాశరథి విషయము సంగ్రహముగా చెప్పి విడుతును. నిజామాబాదు చెఱసాలలో ఆయన బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెననుట అందఱెఱిగినదే. వట్టికోట ఆళ్వారుస్వామి అచ్చటనే తోడి ఖైదీగా నుండెను. 'అగ్నిధార' 1949లో పుస్తకమైనది. గోడ ప్రకటనము, పుస్తకము ముద్రణము. దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను మోసికొనిపోయి అమ్మిన ఆళ్వారుస్వామియే గోడమీది పద్యమునకు పాఠకుడగుట యాదృచ్ఛికమే అయినను తలచుకొన్నపుడెల్ల నాకు ఇంపుగ నుండును.

సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన నారాయణరెడ్డిగారి చదువు ఉర్దూ మాధ్యమమున సాగినది. తెలుగు ఆయనకు బడిలో కంటె ముందు హరికథలలో, జంగము కథలలో, జానపద గేయములలో లభించినది. 1953లో వెలువడిన 'నవ్వని పువ్వు' గేయరూపకమగుట కేవలము ఒక ప్రక్రియపై అభిరుచి కాదు. చెవితో సాహిత్యమును పొందినవాడు చెవికే తొలి కానుక నిచ్చెను. ఆయన గేయకావ్యములను పుటపై చదివి 'పదములు ప్రవహించుచున్నవి, ఆలోచన నిలువదు' అని విమర్శించినవారు కలరు. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అయితే వేదికను దృష్టియందుంచుకొని కట్టిన పంక్తిని పుటపై తూచుచున్నామని వారు గ్రహించినట్లు కనబడదు. కోరుట్ల అవధాని అందె వేంకటరాజము గారి వంటివారి విషయమున ఈ భేదము ఇంకను స్పష్టము. అవధాన పద్యము పుట్టుట, ప్రకటితమగుట ఒకే క్షణమున జరుగును. పృచ్ఛకుడే తొలి పాఠకుడు, తొలి విమర్శకుడు. పిదప అచ్చగునది ఆ పద్యపు జ్ఞాపకము మాత్రమే.

ఇపుడు ప్రధానోదాహరణము. జగిత్యాల వాడగు అలిశెట్టి ప్రభాకర్ 1954 జనవరి 12న పుట్టి 1993 జనవరి 12న మరణించెను. ముప్పదితొమ్మిదేండ్లు. ఆయన కవి యగుటకు ముందు చిత్రకారుడు. పండుగలు, ప్రకృతి దృశ్యములు గీసి పత్రికలకు పంపుచుండెడివాడు. సిరిసిల్లలో ఛాయాగ్రహణము నేర్చి, 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమను, 1979లో కరీంనగరమున స్టూడియో శిల్పిని, 1983లో హైదరాబాదున స్టూడియో చిత్రలేఖను పెట్టి దానిపై జీవించెను. జగిత్యాలలోని సాహితీ మిత్ర దీప్తి అను సంస్థ ద్వారా కవిత్వమున ప్రవేశించెను. అచ్చయిన తొలి కవిత 'పరిష్కారము', 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చినది. తొలి సంపుటము 'ఎఱ్ఱ పావురాలు' 1978లో, అనగా జగిత్యాల జైత్రయాత్ర జరిగిన సంవత్సరముననే, వెలువడినది. 'మంటల జెండాలు' 1979లో, 'చురకలు' 1981లో, 'రక్తరేఖ' 1985లో, 'సంక్షోభ గీతము' 1990లో, 'సిటీలైఫ్' 1992లో వచ్చినవి.

ఈ పట్టికను చూచి, ఇన్ని పుస్తకముల కవి అని వ్రాసికొని ముందునకు సాగువారు ప్రభాకరును అర్థము చేసికొనజాలరు. కవితకు బొమ్మను జోడించి జనుల కన్నుల ముందు నిలిపినవాడుగా ఆయన మొదట ప్రసిద్ధుడు. చిత్రకారుడగుటచే అట్టకు ఒకరిని, అక్షరమునకు ఒకరిని వెదుక నక్కఱలేదు. స్టూడియో ఉండుటచే వీధిలో నిలువ చోటు కలదు. ఫొటో దిగుటకు వచ్చినవాడు కవిత్వము చదువుటకు వచ్చినవాడు కాడు. అట్టివానిని ఆపవలెనన్న నాలుగు పంక్తులకు మించి వీలుపడదు. ప్రభాకరు కవిత యొక్క నిడివిని ఈ నిలువబడిన పాఠకుడు నిర్ణయించెనని నేననుకొందును. ఆనాడు మినీ కవిత్వము ఉద్యమముగా నుండెననుటయు నిజమే. కాని ఉద్యమమున చేరిన పలువురి లఘుకవితలు పొడవైన కవితను తెగగొట్టినట్లుండగా, ప్రభాకరు కవిత చట్టములో ఇమిడిన చిత్రమువలె నుండును. మొదట ఒక వస్తువు కనబడును. పిదప, చివరి మాటతో, ఆ వస్తువు వెనుకనున్న మనుష్యుడు కనబడును. ఇది ఛాయాగ్రాహకుని పద్ధతి. ఏది చట్టములో నుండవలెనో దానికంటె ఏది వెలుపల నుండవలెనో ఆతడు ముందు నిర్ణయించును.

ఇక కీడు మాట. హైదరాబాదునకు వచ్చిన పిదప 'సిటీలైఫ్' శీర్షికతో ఆంధ్రజ్యోతి దినపత్రికలో ఆఱేండ్ల పాటు ప్రభాకరు చిన్న కవితలు వ్రాసెను. పాఠకుడు దొరకుట వేఱు, పాఠకుడు వేచియుండుట వేఱు. పత్రిక వెలువడును, కవిత సిద్ధముగా నుండవలెను. ఆ శీర్షికలోని కవితలను వరుసగా చదివినచో కొన్ని తమ నాటి సంఘటనకు కట్టుబడి, ఆ సంఘటన మఱపునకు రాగానే వాడిపోయినవని ఒప్పుకొనక తప్పదు. కొన్నింట చమత్కారము ముందుగా తట్టి, దానికొఱకు దుఃఖమును వెదకికొన్నట్లుండును. తొలి సంపుటములలో ఈ దోషము తక్కువ. చప్పట్లు వినుటకు అలవాటుపడిన చెవి నిశ్శబ్దమును సహింపజాలదు. అవధానులలోను, సభాకవులలోను మనము చూచు లోపమిదియే. ముందుగా పాఠకుని సంపాదించుకొన్న రచయిత ఆ పాఠకునికి బందీ యగుట నిజమైన ప్రమాదము. దీనిని ఎత్తిచూపు పెద్దలతో నేను ఏకీభవింతును. కాని మందు అచ్చు కాదు. అచ్చయిన పిదప పాఠకుని మెప్పునకు లోనైన నవలాకారులు మనకు తక్కువగా లేరు. శ్రీశ్రీని రక్షించినది పాఠకుడు లేకపోవుట కాదు, ప్రతి వారము ఇచ్చితీరవలెనను నియమము లేకపోవుట. ఈ భేదమును క్రొత్త రచయిత గమనించిన చాలును.

'సిటీలైఫ్' ఉత్తమ భాగమున ఈ ఒత్తిడియే మేలు చేసినదని కూడ చెప్పవలెను. వ్యాధి, దారిద్ర్యము రెండును చుట్టుముట్టియున్న దినములవి. దీర్ఘకవితకు కూర్చుండు శక్తి లేనివానిని ఆ శీర్షిక కవిగా నిలిపినది. మరణానంతరము మిత్రులు ఆయన కవితలన్నిటిని 2013లో ఒక్క సంపుటముగా వెలువరించిరి. ఆ సంపుటముతో మన పని ముగిసినదని తలంపరాదు. దినపత్రికలోని పాఠమునకును, పుస్తకములోని పాఠమునకును భేదములు కలవా, బొమ్మతో కూడి నిలిచిన కవిత బొమ్మ లేక అచ్చయినపుడు ఏమి పోగొట్టుకొన్నది అను ప్రశ్నలు ఒక పరిశోధకునికి రెండేండ్ల పని కల్పించును. నన్నయ భారతమునకు పాఠభేదములు చూచువారు నలుబదేండ్ల నాటి కవికి చూడనక్కఱలేదనుకొనుట విచిత్రము.

ఈ సందర్భమున నా స్వంత అపరాధమొకటి చెప్పుకొనవలసియున్నది. అధ్యాపకుడనైన క్రొత్తలో ఒక విద్యార్థి మా రాయికల్ పరిసరములకు చెందిన ఒక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుని రచనలపై పరిశోధన చేయుదునని వచ్చెను. ఆ యుపాధ్యాయుడు అప్పటికే గతించెను. ఏడు చేతివ్రాత పుస్తకములు మిగిల్చెను. అందు భజన కీర్తనలు, ఒక శతకము, బడిపిల్లల కొఱకు వ్రాసిన గేయములు ఉండెను. విషయ నిర్ణయ సంఘమున ఒక్కటే ప్రశ్న వచ్చినది: ముద్రిత గ్రంథమేది? లేదని విద్యార్థి చెప్పెను. విషయము త్రోసివేయబడినది. ఆ సంఘమున నేను కనిష్ఠ సభ్యుడను. ప్రశ్న సబబుగనే ఉన్నదని తలంచి ఊరకుంటిని. 'పూజ్యము' అన్న పండితుని తప్పును ఆ గదిలో మేము తిరిగి చేసితిమి. విద్యార్థి మఱియొక విషయము తీసికొని, ఒక సుప్రసిద్ధ నవలాకారునిపై అప్పటికే వచ్చియున్న పరిశోధనలకు ఇంకొకటి చేర్చెను.

చాలకాలమునకు ఒక ఏకాదశినాడు మా యూరిలో భజన వినుట తటస్థించెను. పాడినవారు వ్యవసాయదారులు, నేతపనివారు. వారు పాడిన కీర్తనలలో రెండు ఆ యుపాధ్యాయునివని చివరి చరణములోని పేరు వలన తెలిసినది. మఱునాడు ఆయన యింటికి పోయితిని. ఏడింటిలో మూడు పుస్తకములు మిగిలినవి, తక్కినవి చెదలపాలైనవి. పుస్తకములోని కీర్తనను భజనలో విన్నదానితో పోల్చి చూచితిని. పుస్తకమున 'శకటము' అని యున్నచోట భజనపరులు 'బండిని' అని పాడిరి. రెండును నాలుగేసి మాత్రలు, తాళము చెడదు. లేఖక దోషమని, పామర పాఠమని కొట్టివేయుటకు నా కలము సిద్ధమైనది. కాని చరణమంతయు ఎడ్లు, మోకు, బురదదారి గుఱించి. అందు 'శకటము' ఒక్కటే నిఘంటువునుండి వచ్చినది. భజనపరుల పాఠమే మేలైనది.

మూడవ పుస్తకము తెఱచిన పిదప నాకు తోచినదానికంటె విశేషమైన సంగతి బయటపడినది. అదే కీర్తన అందు మఱల వ్రాయబడియున్నది. ఈసారి కవి తన చేతితోనే 'శకటము' కొట్టివేసి పైన 'బండిని' అని వ్రాసికొనెను. ప్రక్కన ఒక తిథి; అదియు ఏకాదశి. నేనూహించినది ఇది: కవి భజనలో కూర్చుండి తన పాట తాను వినెను, పాడువారు మార్చిన మాటను ఆలకించెను, ఇంటికి వచ్చి తన ప్రతిని దిద్దుకొనెను. సంపాదకుడు చేయు పనిని ఆ మండలి చేసినది. ఇట్టి దిద్దుబాట్లు ఆ పుస్తకమున ఇప్పటికి పదునాలుగు గుర్తించితిని. అన్నియు మేలైనవి కావు. ఒకచోట పాడువారికి నోరు తిరుగక మార్చిన మాటకు కవి లొంగినట్లున్నది; అచ్చట పూర్వపాఠమే సమంజసము. మఱియొకచోట కవి వారి మార్పును వ్రాసికొని, తిరిగి కొట్టివేసి, తన మాటనే నిలుపుకొనెను. ఆ కొట్టివేత నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. పాఠకుని మాట వినుటకును, వానికి లొంగుటకును గల భేదము ఆ యుపాధ్యాయునికి తెలిసియుండెననుటకు అది సాక్ష్యము.

ఇట్టి కీర్తనలను పరిష్కరించుటలో ఏ పాఠమును మూలముగా గ్రహింపవలెను? కవి తొలి ప్రతినా, దిద్దిన ప్రతినా, నేటికిని పాడుచున్న పాఠమునా? తాళపత్ర ప్రతులకు మనము ఏర్పఱచుకొన్న సూత్రములు ఇచ్చట పూర్తిగా సరిపోవు. అందు ప్రతులు చేసినవారికి కవి తెలియడు. ఇందు కవియు పాఠకులును ఒకే చాపపై కూర్చుండినవారు. మూడు పాఠములను ప్రక్కప్రక్కన ముద్రించి, దిద్దుబాటు జరిగిన క్రమమును క్రింద చూపుట తప్ప వేఱు మార్గము నాకు కనబడుటలేదు. ఈ సంవత్సరము ఒక విద్యార్థిని ఆ పనికి పూనుకొన్నది. ఈసారి సంఘమున ముద్రిత గ్రంథమేదని ప్రశ్న వచ్చినపుడు నేను ఊరకుండలేదు. మిగిలిన మూడు పుస్తకములలో రెంటికి ఛాయాప్రతులు తీయుట ముగిసినది. మూడవదానిలో శతకమున్న పుటలు తేమకు ఒకదానికొకటి అంటుకొనియున్నవి; వానిని విడదీయుటకు తెలిసినవారి కొఱకు చూచుచున్నాము.